అమ్మ మోకాళ్లకు అగస్త్యమల కాపడం

అమ్మ తణుకు నుంచి తిరువనంతపురం వచ్చిన వారానికే మా మేడ మెట్లు ఎక్కడం మానేసింది. ఎక్స్‌రే తీయించాం, మాత్రలు వాడాం. రెండు మోకాళ్లలోనూ అరుగుదల అన్నారు. అప్పుడే పక్కింటి చేచ్చి (మలయాళంలో అక్క), కొట్టూరు దగ్గర ఒక ప్లాతి ఉన్నారని, వాళ్ల అత్తగారి వాపు ఆయనే తగ్గించారని చెప్పింది. అగస్త్యమల అడవుల్లో ఉండే కాణి తెగవాళ్లు తమ వైద్యుణ్ణి ప్లాతి అంటారు. మందు నూరేదీ, పాట పాడి దేవతను పిలిచేదీ ఆయనే. నాలుగుసార్లు వెళ్లి వచ్చాక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పేరూ ఊరూ రాయవద్దని ఆయన అడిగారు కాబట్టి రాయడం లేదు.

నగరం నుంచి గంటన్నర ప్రయాణం. చివరి కిలోమీటరు రబ్బరు తోటల్లోంచి నడవాలి, వానాకాలంలో జలగలు పడతాయి. అడవి లోపలి ఊళ్లకు పోవాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలి. ఈయన ఇల్లు చెక్‌పోస్టుకు ఇవతలే ఉంది కాబట్టి మాకు ఆ ఇబ్బంది రాలేదు. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషిని అంత దూరం నడిపించడం మాత్రం కష్టమే. రెండోసారి నుంచి అమ్మ కోసం ప్లాస్టిక్ కుర్చీ ఒకటి మోసుకెళ్లాం, దారిలో రెండు చోట్ల కూర్చోబెట్టాం.

మొదటి రోజు ఆయన మందు ఇవ్వలేదు. ముందు అమ్మ మాత్రల అట్టలన్నీ అడిగి చాపమీద వరసగా పెట్టారు. షుగరు మాత్ర ఏదో చూపించమన్నారు. అది ఒక్కపూట కూడా ఆపకూడదని నాకు రెండుసార్లు చెప్పారు. తర్వాత మెట్లు ఎక్కేటప్పుడు నొప్పా, దిగేటప్పుడు నొప్పా అని అడిగారు. అమ్మ "దిగేటప్పుడే అన్నయ్యా" అంది. ఆయనకు తెలుగు రాదు. అయినా నేను మలయాళంలో చెప్పేలోపే తల ఊపారు. బొటనవేలితో మోకాలి చిప్ప చుట్టూ అంగుళం అంగుళం నొక్కుతూ వచ్చారు, అమ్మ ముఖంలోకే చూస్తూ. ఆ చూడటానికి అరగంట పైనే పట్టింది. నగరంలో నాలుగు చోట్ల చూపించినా అమ్మ మోకాలిని అంతసేపు ఎవరూ ముట్టుకోలేదు.

చివరికి ఆయన చెప్పింది ఇది: "అరిగిపోయింది ఆకుతో తిరిగి రాదు. వాపు తగ్గుతుంది, బిగుసుకుపోవడం తగ్గుతుంది. అంతకు మించి నేను మాటివ్వను." ఆ మాట విన్నాకే నాకు ఆయనమీద నమ్మకం కుదిరింది.

మందు కోసం తెల్లవారుజామునే రావాలి. మేము వెళ్లేసరికి ఆయన ఆకు కోసుకుని తిరిగి వస్తున్నారు. బుట్టలో ఉన్నవాటిని అమ్మ ఒక్కొక్కటే పట్టుకుని చూసింది. ఆముదం ఆకు, చింతాకు, జిల్లేడు. ఇవన్నీ మన గోదావరి గట్టుమీదా ఉన్నవే. ముదురు తీగ ఒకటి తీసి "ఇది తిప్పతీగ కదూ" అంది. ఆయన "చిట్టమృత్" అన్నారు. ఇద్దరూ ఒకేసారి ఆకును తిప్పి వెనకవైపు ఈనెలు చూశారు. వాకిట్లో కాలికి తగిలి ముడుచుకుపోయిన మొక్కను అమ్మ అత్తిపత్తి అంటే, ఆయన తొట్టావాడి అని నవ్వారు. భాష రాని ఇద్దరు పెద్దవాళ్లు పావుగంటసేపు అలా మొక్కల పేర్లతోనే మాట్లాడుకున్నారు. బుట్ట అడుగున ఇంకో ఆకు ఉంది. సన్నగా, నూనె రాసినట్టు మెరుస్తోంది. నలిపితే పచ్చి మామిడి వాసన. దాని పేరు మాత్రం చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. రెండేళ్ల క్రితం నగరంలో ఒక దుకాణంలో అడవి మనిషి బొమ్మ వేసిన "ఆరోగ్యపచ్చ" అనే అడవి మొక్క పొడి ఆరువందలు పెట్టి కొన్నాను. లోపల ఉన్నది ఎండిన గడ్డి వాసన వేసే పొడి. ఆ సంగతి చెబితే ఆయన లేచి ఇంటి వెనక వాగు పక్కకు తీసుకెళ్లారు. చెట్ల నీడలో, జానెడు ఎత్తున, హృదయాకారపు ఆకులతో ఉంది అసలు మొక్క. కాయ చిన్నది, మూడు అంచులతో ముదురు రంగులో ఉంటుంది. 1987లో పుష్పాంగదన్ అనే శాస్త్రవేత్త బృందం ఈ కొండలు ఎక్కినప్పుడు, దారి చూపిన కాణి యువకులు ఈ కాయలే నములుతూ అలసట లేకుండా నడిచారు. ఏమిటని ఎంతో బతిమాలితే చెప్పారు. తర్వాత పాలోడులోని పరిశోధన సంస్థ ఈ ఆకుకు అశ్వగంధ, పిప్పలి, విష్ణుక్రాంత కలిపి "జీవని" అనే మందు తయారుచేసింది. 1995లో దాని తయారీ హక్కును ఒక ఆయుర్వేద కంపెనీకి 10 లక్షల రూపాయలకూ, అమ్మకాలపై 2 శాతం రాయల్టీకీ ఇచ్చింది. అందులో సగం కాణివాళ్లకు అని ఒప్పుకున్నారు. ఆ డబ్బు కోసం 1997లో ట్రస్టు పెట్టారు. ప్రపంచమంతా దీన్ని ఆదర్శంగా చెప్పుకుంది. కానీ కొందరు ప్లాతులు మా విద్యను అమ్మవద్దని అప్పుడే అడ్డుచెప్పారు. సగం వాటా ఇవ్వడం మంచిదే, నేను కాదనను. అయితే అడగవలసినవాళ్లను ముందు అడగకపోవడం తప్పు, ఇప్పటికీ తప్పే. ఆయన నాకు రెండు కాయలు ఇచ్చారు, సంచిలో వేసుకోనివ్వలేదు. అక్కడే తినమన్నారు.

కాపడం సంగతి. ఆకులన్నీ తరిగి, కొబ్బరికోరు, నిమ్మచెక్కలు వేసి నూనెలో వేయించి గుడ్డలో మూటకట్టారు. ముందు తన ముంజేతికి ఆనించుకుని వేడి చూసుకున్నాకే అమ్మ మోకాలికి పెట్టారు. ఒక మూట చల్లారేలోపు రెండోది సిద్ధం. గంటసేపు. చూరు కింద కొక్కర వేలాడుతోంది. గాట్లు పెట్టిన ఇనుప గొట్టం, పుల్లతో గీరి వాయిస్తారు. వాయించి వినిపించమని నేను అడిగాను, అడగకుండా ఉండాల్సింది. "అది చాట్టుపాట్టుకు, చూడటానికి కాదు" అన్నారు మెల్లగా. చాట్టుపాట్టు అంటే దేవతను పిలిచే ఆ పాట.

ఫలితం: మూడు వారాల్లో మూడు కాపడాలు, ఇంట్లో రోజూ ఆయన ఇచ్చిన నూనె. వాపు బాగా తగ్గింది. పొద్దున్నే లేచేటప్పుడు మంచంపట్టె పట్టుకోవడం లేదు. మెట్లు దిగేటప్పుడు నొప్పి ఉంది, ముందులా లేదు. నడక పూర్తిగా మారిపోయిందని రాస్తే అబద్ధం అవుతుంది.

రుసుము ఇంత అని లేదు. తమలపాకులో వక్క, మీకు తోచింది పెట్టాలి. మేము ప్రతిసారీ ఐదువందలు పెట్టాం. ఒక పొద్దుటి పూటంతా మనకోసం గడిపే మనిషికి అంతకన్నా తక్కువ పెట్టకండి. ఆదివారం చూడరు. ఎముక విరిగితే తన దగ్గరికి తేవద్దంటారు. మన పుత్తూరు కట్టు గురించి చెబితే శ్రద్ధగా విని, కట్టులో ఏ ఆకు వేస్తారని అడిగారు. నాకు తెలియదన్నాను.

మొన్న బయల్దేరేటప్పుడు అమ్మ ఆ మామిడివాసన ఆకు పేరు మళ్లీ అడిగింది. ఆయన తన మనవణ్ణి చూపించి, "వీడికి ఇంకా చెప్పలేదు, ముందు వీడికి చెప్పాలి" అన్నారు. అమ్మ సరేనంది.