దుబాయ్‌లో ఫ్లాట్ చూస్తున్నారా? ‘చిల్లర్ ఫ్రీ’ అన్న మాట నమ్మి చెక్కులు ఇవ్వకండి

ఫ్యామిలీని తెచ్చుకుందామని దుబాయ్‌లో ఇల్లు వెతుక్కుంటున్న వాళ్ల కోసం ఇది. ఏజెంటు ‘చిల్లర్ ఫ్రీ అన్నా’ అన్నాడంటే, ఆ ముక్క కాంట్రాక్టులో కనబడేదాకా చెక్కుల మీద సంతకం పెట్టకండి. మేం పెట్టాం.

కొత్తగా వచ్చిన వాళ్లకి ముందు ఈ చిల్లర్ సంగతి చెప్పాలి. మెరీనా, బిజినెస్ బే లాంటి చోట్ల చాలా టవర్లకి ఏసీ కోసం చల్లటి నీళ్లు ఎక్కడో ప్లాంటులో తయారై పైపుల్లో వస్తాయి. ఫ్లాట్‌లో ఉండేది ఆ చల్లదనాన్ని గదిలోకి తోసే ఫ్యానే. దానికి వేరే కంపెనీ, వేరే మీటరు, వేరే డిపాజిట్. కరెంటు, నీళ్లకి వచ్చే దేవా బిల్లుతో దీనికి సంబంధం లేదు. ఈ ఖర్చు ఓనరే పెట్టుకుంటే దాన్ని చిల్లర్ ఫ్రీ అంటారు. అల్ నహ్దా, కరామా వైపు చాలా బిల్డింగుల్లో నిజంగానే ఫ్రీ. నేను నాలుగేళ్లు అల్ నహ్దాలో షేరింగ్‌లో ఉన్నవాణ్ణి. ఏసీకి విడిగా బిల్లు ఉంటుందన్న ఊహే లేదు నాకు.

ఫ్లాట్ చూసింది ఫిబ్రవరిలో. కిటికీ తీస్తే హాయిగా గాలి. ఏసీ స్విచ్ వైపు చూసిన పాపాన పోలేదు. అప్పటికి మా ఆవిడా పిల్లాడూ వచ్చి పది రోజులు, స్నేహితుడి ఇంట్లో ఒక గదిలో సర్దుకుంటున్నాం. ఎంత తొందరగా మారిపోదామా అని ఉంది. ఏజెంటు మన తెలుగాయనే. గుంటూరు యాస, మా ఆవిడని ‘చెల్లెమ్మా’ అనడం, ‘మనవాళ్లకి నేను అబద్ధం చెప్తానా’ అనడం. బ్రోకర్ కార్డు మీద నంబరు దుబాయ్ రెస్ట్ అనే ప్రభుత్వ యాప్‌లో కొట్టి చూశాను, అసలుదే. అక్కడితో నా జాగ్రత్త అయిపోయింది.

అద్దె ఏడాదికి 78,000 దిర్హాములు, నాలుగు చెక్కులు. కమిషన్ 5 శాతం, అంటే 3,900, దాని మీద వ్యాట్ 195. సెక్యూరిటీ డిపాజిట్ ఇంకో 3,900. దేవా డిపాజిట్ 2,000. ఇవి కాక అద్దెలో 5 శాతం హౌసింగ్ ఫీజు ఉంటుంది, నెలకి 325 చొప్పున దేవా బిల్లులో కలిసి వస్తుంది. ఇది మోసం కాదు, అందరూ కట్టేదే. ముందు చెప్పేవాళ్లే ఉండరు.

ఏప్రిల్ రెండో వారం. ఆఫీసు నుంచి వచ్చేసరికి పిల్లాడు బనియన్ కూడా విప్పేసి టైల్స్ మీద పడుకుని ఉన్నాడు. థర్మోస్టాట్‌లో పెట్టింది 22, గది వేడి 31 చూపిస్తోంది. గాలి వస్తోంది కానీ, మామూలు ఫ్యాను గాలి. ఫిల్టర్‌లో దుమ్ము పట్టిందేమో అని స్టూలెక్కి జాలీ విప్పి, కడిగి, మళ్లీ బిగించాను. అదే గాలి. కింద నాతూర్‌ని, అంటే బిల్డింగ్ వాచ్‌మన్‌ని పిలిచాను. ఆయనది జగిత్యాల.

“మీ చిల్లర్ బంద్ జేసిన్రు సార్. అకౌంట్ ఓనర్ పేరు మీదుండె. ఆయన క్లోజ్ జేసుకున్నడు.”

“చిల్లర్ ఫ్రీ కదా?”

“ఈ బిల్డింగుల ఎవ్వలికీ ఫ్రీ లేదు సార్. మీకెవరు జెప్పిన్రు?”

చెప్పినాయన మూడోసారికి ఫోన్ ఎత్తాడు. “ఓనర్ చెప్పిందే నేను చెప్పాను అన్నా.” ఓనర్‌ని అడిగితే తనలా అననే లేదన్నాడు, కాంట్రాక్టు చూసుకోమన్నాడు. చూసుకుంటే యుటిలిటీ బిల్లులన్నీ అద్దెకున్నవాళ్లవే అని శుభ్రంగా రాసుంది. కింద నా సంతకం. ‘చిల్లర్ ఫ్రీ’ అని పెట్టిన ప్రకటన అప్పటికే తీసేశారు. స్క్రీన్‌షాట్ తీసుకోలేదు. వాట్సాప్ మొత్తం వెతికితే లొకేషన్ పిన్నులూ, దండం ఎమోజీలూ తప్ప ఆ మాట ఎక్కడా లేదు. ఫోన్‌లోనే చెప్పాడు మరి. కేసు అంటే ఏం చూపించి వేయాలి?

1,500 డిపాజిట్ కట్టి నా పేరున అకౌంట్ తెరిచాక రెండు రోజులకి చల్లదనం వచ్చింది. జూన్‌లో అత్తగారు విజిట్ వీసా మీద వచ్చారు. బిల్లు సంగతి తెలిసి రాత్రిళ్లు ఎవరికీ చెప్పకుండా ఏసీ ఆపేసేవారు, రెండింటికల్లా ఇంటిల్లిపాదీ చెమటతో లేచి కూర్చునేవాళ్లం. (ఆవిడ బాల్కనీలో పెట్టిన వడియాలు మాత్రం ఒక్క పూటలో గలగలలాడాయి.) జులై బిల్లు 690. ఆగస్టులో నెలంతా ఏలూరులో ఉన్నాం, అయినా 310 వచ్చింది. ఎందుకని అడిగితే, వాడుకున్నదానికి ఒక లెక్క, మన ఫ్లాట్‌కి కేటాయించిన చల్లదనానికి ఇంకో లెక్క అన్నారు. రెండోది ఇంటికి తాళం వేసి వెళ్లినా తప్పదు.

మీరు ఎక్కువేం చేయక్కర్లేదు. ఫ్లాట్ చూసేటప్పుడు ఏజెంటుని కాదు, నాతూర్‌ని అడగండి. నిజంగా ఫ్రీ అయితే ‘చిల్లర్ ఖర్చు ఓనర్‌దే’ అని కాంట్రాక్టులో అదనపు షరతుల దగ్గర రాయించుకుని, ఆ తర్వాతే ఎజారీ (ప్రభుత్వం దగ్గర అద్దె కాంట్రాక్టు రిజిస్ట్రేషన్) చేయించండి. రాయడానికి నసిగితే ఫ్రీ కాదన్నమాటే. ఫ్రీ కాకపోతే పోయిన జులై, ఆగస్టు బిల్లులు చూపించమనండి. జనవరి బిల్లు చూపిస్తారు, దానితో మోసపోకండి. ఆ వేసవి బిల్లుల్ని బట్టి పన్నెండు నెలల ఖర్చు లెక్కేసుకుని, ఆ ఇల్లు మీకు గిట్టుబాటవుతుందో లేదో అప్పుడు చూసుకోండి. మేం ముందే తెలిసుంటే ఈ ఫ్లాట్ తీసుకునేవాళ్లమే కాదు. కరామాలో అంతకన్నా చిన్నది చూశాం, అదే నయం.

నిన్న మా బిల్డింగులోనే 14వ అంతస్తు ఫ్లాట్‌కి ప్రకటన పడింది. అదే ఏజెంటు, అదే ‘చిల్లర్ ఫ్రీ’. ఈసారి స్క్రీన్‌షాట్ తీసి పెట్టాను. ఈ వారం చూడ్డానికి వెళ్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే మెసేజ్ చేయండి, మా జులై బిల్లు పంపిస్తాను.