గుండెజబ్బున్న కుక్కకు చైనా మూలికా వైద్యం: ఒక క్లినిక్ గురించి నా అభిప్రాయం

న్యూజెర్సీలో మామూలు పశువైద్యంతో పాటు చైనా సంప్రదాయ మూలికా వైద్యం కూడా చేసే ఒక క్లినిక్‌కు మా చిట్టిని కొంతకాలంగా తీసుకువెళ్తున్నాము. ఇక్కడి తెలుగువారిలో కుక్కలను పెంచుకునే మిత్రులు చాలామంది ఆ వైద్యం పనిచేస్తోందా అని అడుగుతున్నందున ఈ సమీక్ష రాస్తున్నాను. ఐదు మార్కులకు మూడు వేస్తాను. ఆ మూడూ డాక్టరుగారికే గాని, ఆమె ఇచ్చిన పొడికి కావు.

చిట్టి కవలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ జాతి కుక్క. ఈ జాతిలో పదేళ్ల వయసు వచ్చేసరికి దాదాపు అన్నింటికీ ఎడమవైపు మైట్రల్ కవాటం దెబ్బతింటుంది. కవాటపు రెక్కలు మందమై సరిగా మూసుకోకపోవడంతో రక్తం వెనక్కి ఎడమ కర్ణికలోకి చిమ్ముతుంది. కర్ణిక క్రమంగా ఉబ్బి, చివరకు ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. చిట్టి ఆ చివరి దశకు చేరాక, గుండె నిపుణుడు గుండె కొట్టుకునే బలాన్ని పెంచే పిమోబెండాన్, నీరు తీసే ఫ్యూరోసెమైడ్ (మనవాళ్లు లాసిక్స్ అనేదే), రక్తనాళాలను సడలించే బెనాజెప్రిల్, పొటాషియం పోకుండా నీరు తీసే స్పైరనోలాక్టోన్ రాశారు. మూలికా వైద్యానికి వెళ్లింది వీటిని మానడానికి కాదు. ఆకలి మందగించి, నడక తగ్గి, నీరసపడిన ప్రాణికి ఇంకేమైనా ఊరట దొరుకుతుందేమోనన్న ఆశతో వెళ్లాము.

మొదటి సంప్రదింపు గంటకు పైగా సాగింది. డాక్టరుగారు లైసెన్సు ఉన్న పశువైద్యురాలు, ఆ పైన చైనా వైద్యంలో శిక్షణ పొందినవారు. నాలుక రంగు చూశారు, వెనక తొడ లోపలి వైపు వేళ్లుంచి నాడి పట్టారు, కుక్క చల్లని నేలను వెతుక్కుంటుందా, వెచ్చని చోటును వెతుక్కుంటుందా, దగ్గు ఏ వేళలో ఎక్కువగా వస్తుంది అని అడిగారు. మన ఆయుర్వేద వైద్యుల నాడీపరీక్ష చూసినవారికి ఇదేమీ వింతగా తోచదు. నాకు నచ్చింది మాత్రం ఆ తరువాత జరిగినది: ఎకో రిపోర్టు, రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపేది), పొటాషియం విలువలు, వాడుతున్న ప్రతి మాత్ర మోతాదు చేతికి వచ్చేవరకు ఆమె ఏ మందూ ఇవ్వలేదు. గుండె నిపుణుడికి తానే ఉత్తరం రాస్తానన్నారు, రాశారు కూడా.

ఆ జాగ్రత్త ఎందుకో తెలుసుకుంటే ఈ వైద్యంలోని అసలు ప్రమాదం అర్థమవుతుంది. గుండె లయ తప్పినప్పుడు చైనా వైద్యులు తరతరాలుగా వాడుతున్న జి గన్ సావో టాంగ్ అనే యోగంలో ప్రధాన ద్రవ్యం తేనెతో వేయించిన అతిమధురం. అతిమధురంలోని గ్లిసిరైజిన్ ఒంట్లో ఉప్పును, నీటిని నిలిపి పొటాషియాన్ని బయటకు పంపుతుంది. పొటాషియాన్ని ఎలాగూ తగ్గించే ఫ్యూరోసెమైడ్ వాడుతున్న కుక్కకు, నీరు చేరడమే జబ్బైన కుక్కకు, అది మేలు కన్నా కీడు చేసే అవకాశమే ఎక్కువ. ఒంట్లో చల్లదనం, నీరు ఉన్నప్పుడు ఇచ్చే జెన్ వూ టాంగ్‌లో మన వత్సనాభి జాతికే చెందిన ఫూ జి వేరు ఉంటుంది. శుద్ధి సరిగా జరగకపోతే అదే గుండె లయను చెడగొట్టగల విషం. ఈ రెండూ చిట్టికి పనికిరావని డాక్టరుగారు మొదటిరోజే కారణాలతో సహా చెప్పారు. పిల్లులున్నవారు ఇంకొకటి గమనించాలి. గుండె కండరం మందమైన పిల్లులకు రక్తం గడ్డకట్టకుండా తరచుగా క్లోపిడోగ్రెల్ ఇస్తారు. తులసి కుటుంబానికి చెందిన డాన్ షెన్ కూడా రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించే గుణం ఉన్నదే కాబట్టి, రెండూ కలిస్తే రక్తస్రావం భయం ఉంటుంది.

చివరకు ఇచ్చినది షెంగ్ మై సాన్, అంటే జిన్‌సెంగ్, మై మెన్ డాంగ్, వూ వై జి అనే మూడు ద్రవ్యాల పొడి. పూటకు అర గ్రాము, రోజుకు రెండుసార్లు. వాసన మన కషాయాల వాసనకు తీసిపోదు. ఉప్పు వేయని కోడి ఉడికించిన నీటిలో కలిపితే తప్ప చిట్టి ముట్టలేదు. మొదట్లో విరేచనాలు పలుచబడితే మోతాదు సగం చేశారు, సర్దుకుంది. ఆ తరువాత ఆకలి మెరుగైంది, నిద్రలో శ్వాస నిమిషానికి 30 లోపే నిలిచింది. అయితే సరిగ్గా ఆ రోజుల్లోనే గుండె నిపుణుడు ఫ్యూరోసెమైడ్ మోతాదు పెంచారు. కాబట్టి ఆ మేలును పొడి ఖాతాలో వేయడానికి నాకు మనసొప్పదు. పిమోబెండాన్ విషయంలో 360 కుక్కలపై జరిగిన పరీక్ష ఫలితాలు 2016లో వెలువడ్డాయి. గుండె పెరిగినా ఇంకా లక్షణాలు కనబడని కుక్కల్లో అది గుండె వైఫల్యాన్ని సగటున 15 నెలలు వెనక్కి నెట్టింది. ఈ పొడులకు అటువంటి ఆధారం లేదు. మూలికలంటే నాకు చిన్నచూపు లేదు. డిజాక్సిన్ అనే గుండె మందు కూడా ఫాక్స్‌గ్లోవ్ జాతి మొక్క నుంచి వచ్చినదే, ఇంగ్లండు వైద్యుడు విలియం విదరింగ్ 1785లోనే ఆ జాతి మొక్క గుణాలను వివరించాడు. కానీ ఇవాళ దానిని మైక్రోగ్రాముల్లో కొలిచి, రక్తంలో ఎంత ఉందో చూసి ఇస్తారు. మాకిచ్చిన పొట్లం మీద ద్రవ్యాల పేర్లు ఉన్నాయే గాని, వాటిలోని క్రియాశీల పదార్థం ఎంతో ఎక్కడా లేదు.

రెండు మార్కులు తగ్గించడానికి మరో రెండు కారణాలున్నాయి. ఒకటి ఖర్చు: సంప్రదింపు రుసుము, పొడి ధర కలిపితే గుండె మాత్రలన్నింటి ఖర్చునూ దాటిపోతుంది. రెండవది అంతకన్నా తీవ్రమైనది. డాక్టరుగారు లేని ఒక రోజు పొడి తెచ్చుకోవడానికి వెళ్తే, కౌంటరు దగ్గరి సహాయకురాలు "ఇది మొదలుపెట్టాక చాలామంది నీటి మాత్ర మెల్లగా తగ్గించేస్తుంటారండీ" అని తేలికగా అన్నారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిన కుక్కకు ఆ మాత్ర ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదకు రావచ్చు. డాక్టరుగారికి చెప్పగానే ఆమె నొచ్చుకుని, పొట్లాలన్నింటి మీద "గుండె నిపుణుడి మాత్రలు ఆపరాదు" అని అచ్చు వేయించారు.

హైదరాబాదు నుంచి మా బంధువులు తమ డాబర్‌మన్‌కు ఈ పొడి పంపమని అడిగారు. పంపలేదు. డాబర్‌మన్‌కు సాధారణంగా వచ్చేది గుండె కండరం పలచబడే జబ్బు, ప్రమాదకరమైన లయ దోషాలు దానికి తోడుగా ఉంటాయి. కుక్కను చూడకుండా ఇచ్చే మందు కాదిది. ఇక్కడి వారెవరైనా ఇటువంటి క్లినిక్‌కు వెళ్లదలచుకుంటే, అపాయింట్‌మెంట్ తీసుకునే ముందే ఫోనులో ఒక మాట అడగండి: మా గుండె నిపుణుడితో మీరు మాట్లాడతారా? తడబడితే వేరేచోట చూసుకోండి. నిద్రలో శ్వాస 30 దాటి పెరుగుతూ ఉంటే మాత్రం ఏ పొడి కోసమూ ఆగకుండా అత్యవసర పశువైద్యశాలకు వెళ్లండి.