కీ ఇచ్చే వాచీ, ఇంట్లో వడకట్టే కాఫీ: ఏ అభిరుచి మేలు?

మంచి వాచీలంటే ఇష్టం, ఇంట్లో శ్రద్ధగా కాఫీ చేసుకోవడం. ఈ రెండు సరదాలూ ఒకే మనిషిలో కనిపించడం ఇప్పుడు మామూలైపోయింది. ఉద్యోగంలో కాస్త నిలదొక్కుకుని, ఈఎంఐలు పోను నెలకు ఎంతోకొంత మిగులుతున్న వాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: రెండూ ఒకేసారి మొదలుపెట్టలేం, ముందు ఏది?

నా జవాబు కాఫీ. వాచీల మీద ప్రేమ తక్కువై ఇలా అనడం లేదు, అసలు నాకు ముందు పట్టుకున్నది వాచీల పిచ్చే. కానీ వాచీల్లో కొనడంతోనే సరదా తీరిపోయే ప్రమాదం ఉంది. కాఫీలో కొనడం అయ్యాకే అసలు పని మొదలవుతుంది. ఈ తేడా చిన్నది కాదు కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు వాచీల సంగతి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే వేళకి జనం గుమిగూడే గడియారం చాలామంది చూసే ఉంటారు. లోపలి నుంచి చిన్న గడ్డం మనిషి బయటికొచ్చి, గంట ఎంతైతే అన్నిసార్లు కొట్టి వెళ్లిపోతాడు. పక్కనే ఒక కమ్మరి బొమ్మ సెకన్లు కొడుతూ ఉంటుంది. టైము తెలుసుకోవడానికి అక్కడ ఎవరూ నిలబడరు. కరెంటు లేకుండా, బ్యాటరీ లేకుండా, పళ్ల చక్రాలూ స్ప్రింగులూ కలిసి అంత పని చేస్తున్నాయంటే కలిగే ఆశ్చర్యం కోసం నిలబడతారు. మెకానికల్ వాచీ మీద మోజంతా ఆ ఆశ్చర్యమే, మణికట్టు మీద పట్టేంత చిన్నదిగా.

అది పనిచేసే తీరు ఒకసారి అర్థమైతే ఇక మర్చిపోలేం. కీ ఇచ్చినప్పుడు లోపలి పొడవాటి స్ప్రింగు బిగుసుకుంటుంది. ఆ బిగువు ఒక్కసారిగా విడిపోకుండా, ఒక చిన్న కొక్కెం చక్రాన్ని ఒక్కో పన్ను చొప్పునే వదులుతుంది. మనకు వినిపించే టిక్ టిక్ అదే. ఎంత వేగంగా వదలాలో చెప్పేది అటూఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం, దానికి అంటుకున్న వెంట్రుకంత సన్నని స్ప్రింగు. పాతకాలపు కీ వాచీలు చాలావరకు గంటకు 18,000 సార్లు కొట్టుకుంటాయి, అంటే సెకనుకు ఐదు. ఇప్పటి స్విస్ వాచీల్లో ఎక్కువగా కనిపించే లెక్క 28,800. బ్యాటరీ వాచీలోని క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకే 32,768 సార్లు కంపిస్తుంది కాబట్టి కచ్చితత్వంలో దానితో ఏ కీ వాచీ పోటీ పడలేదు. స్విట్జర్లాండ్‌లో వాచీల కచ్చితత్వాన్ని పరీక్షించి క్రోనోమీటర్ సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ కూడా రోజుకు సగటున నాలుగు సెకన్లు వెనకబడినా, ఆరు సెకన్లు ముందుకెళ్లినా ఒప్పుకుంటుంది. టైము కోసమే అయితే ఫోను చాలు. అందుకే వాచీ సరదా ఎందుకో ముందు మనకు మనం స్పష్టంగా చెప్పుకోవాలి.

మన ఇళ్లలో దానికి ఇంకో కారణం కూడా ఉంది. హెచ్ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో వాచీలు తయారు చేయడం మొదలుపెట్టింది. జనతా, పైలట్, కోహినూర్, సోనా లాంటివి తర్వాత దేశమంతా తిరిగాయి. పెళ్లికొడుక్కి పెట్టినవీ, మొదటి జీతంతో కొనుక్కున్నవీ, రిటైర్మెంట్ రోజున చేతికి తొడిగినవీ ఎన్నో. 1980ల చివర్లో టైటాన్ క్వార్ట్జ్ వాచీలతో వచ్చాక కీ వాచీలు వెనకబడ్డాయి. 2016లో హెచ్ఎంటీ వాచీల కంపెనీ మూతకు కేంద్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది. ఆ వాచీలు మాత్రం ఇంకా బీరువాల్లో ఉన్నాయి. మీ తాతయ్యదో నాన్నదో ఒకటి దొరికిందంటే, దుకాణంలో ఉన్న ఏ వాచీ కన్నా మీకు అదే మంచి వాచీ. పాత పనివాడి చేత విప్పించి, శుభ్రం చేయించి, నూనె వేయిస్తే చాలావరకు మళ్లీ నడుస్తుంది. డయల్‌కి కొత్త రంగు మాత్రం వేయించకండి. వయసుతో పసుపు తిరిగిన డయల్‌కి ఉండే అందం కొత్త పెయింటుకి రాదు.

ఆన్‌లైన్‌లో దొరికే పాత హెచ్ఎంటీలతో జాగ్రత్త. నారింజ, నీలం, ఆకుపచ్చ రంగుల్లో మెరిసిపోయే డయళ్లలో చాలావరకు ఈమధ్య రంగు వేసినవే. లోపల ఒక వాచీ మిషను, పైన ఇంకోదాని ముళ్లు, మరెక్కడిదో మూత ఉండొచ్చు. నడవవని కాదు గానీ, అసలైనదని నమ్మి అసలైనదాని ధర పెట్టకూడదు.

వాచీ కొన్నాక రోజూ చేయాల్సింది ఏముంటుంది? పొద్దున్నే ఒకే వేళకి కీ ఇవ్వాలి, బిగువు తగలగానే ఆపాలి. రాత్రి వాచీని ఎలా పడుకోబెడితే ముందుకెళ్తోందో, ఎలా నిలబెడితే వెనక్కొస్తోందో గమనిస్తే, పగలంతా పెరిగిన సెకన్లను రాత్రికి సరిచేసుకోవచ్చు. ఇది నాకు చాలా ఇష్టమైన పని, భూమ్యాకర్షణ ఆ చిన్న చక్రం మీద చూపించే ప్రభావం కళ్లతో చూసినట్టు ఉంటుంది. వాచీ ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పోతోందంటే అయస్కాంతం తగిలి ఉండొచ్చు. స్పీకరు, ఐప్యాడ్ కవరు, పర్సు గుండీ, ఏదైనా కావచ్చు. సన్నని స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. రిపేరు దుకాణంలో ఆ అయస్కాంత ప్రభావాన్ని క్షణాల్లో పోగొట్టేస్తారు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉండేవాళ్లకు చెమ్మ పెద్ద శత్రువు. డయల్ మీద వాటర్ రెసిస్టెంట్ 30 మీటర్లు అని రాసి ఉన్నంత మాత్రాన స్నానానికి పనికిరాదు.

అంతే. ఇంతకు మించి చేతికి పని కావాలంటే వాచీ విప్పడం నేర్చుకోవాలి, దానికి వేరే ఓపిక, వేరే పనిముట్లు కావాలి. చాలామంది అక్కడికి వెళ్లరు. పని లేక ఖాళీగా ఉన్న ఆసక్తి తర్వాతి వాచీ వైపు మళ్లుతుంది. సీకో 5 తీసుకున్నాక టిస్సో, టిస్సో తర్వాత ఇంకేదో. పాతిక వేలతో మొదలైన సరదా లక్షల్లోకి పోవడానికి పెద్ద టైము పట్టదు. పైగా నాలుగైదేళ్లకోసారి సర్వీసింగ్ ఉంటుంది. పెద్ద స్విస్ బ్రాండ్లకు ఆ ఒక్క సర్వీసింగే పదివేలల్లో పడుతుంది. రేటు పెరుగుతుంది, పెట్టుబడి అనుకో అని చెప్పేవాళ్ల మాట నమ్మొద్దు. అలా పెరిగేవి కొన్ని బ్రాండ్లలో కొన్ని మోడళ్లే. మిగతావన్నీ దుకాణం గుమ్మం దాటగానే విలువ తగ్గుతాయి.

ఇప్పుడు కాఫీ. ఇక్కడ సామాను ఖర్చుకు ఒక హద్దు ఉంది, ఎస్ప్రెస్సో మెషీన్ జోలికి పోనంత వరకు. స్టీలు ఫిల్టరు చాలా ఇళ్లలో ఉండనే ఉంటుంది. గరాటులా ఉండి, లోపల పేపరు పెట్టి కాఫీ వడకట్టే ప్లాస్టిక్ వీ60 వెయ్యి లోపు దొరుకుతుంది, ముందుగా వేడి చేయని పింగాణీ దానికన్నా వేడి కూడా బాగా నిలుపుతుంది. వంటింటి తూకం ఇంకో వెయ్యి లోపు. డబ్బు పెట్టాల్సింది ఒక్క గ్రైండరు మీదే. మిక్సీ బ్లేడు గింజలను కొన్ని పిండిగా, కొన్ని ముక్కలుగా చేస్తుంది. పిండి నుంచి చేదు, ముక్కల నుంచి పులుపు ఒకే కప్పులోకి దిగుతాయి. నాలుగైదు వేల చేతి గ్రైండరుతో పొడి ఒకే తీరుగా వస్తుంది, రుచిలో తేడా మొదటి రోజే తెలుస్తుంది.

ఆ తర్వాత అంతా చేతిలో ఉంది. వీ60కి 15 గ్రాముల పొడి, 240 మిల్లీలీటర్ల నీళ్లు, మరుగు ఆగి కాసేపైన వేడి. మొదట 40 మిల్లీలీటర్లు పోసి అర నిమిషం పైన ఆగాలి. గింజలు ఈమధ్య వేయించినవైతే లోపలి కార్బన్ డయాక్సైడ్ బయటికొచ్చి పొడి ఉబ్బుతుంది, ఉబ్బకపోతే పాతవన్నమాట. మిగతా నీళ్లు రెండు మూడు విడతల్లో పోస్తే మూడు నిమిషాల దగ్గర్లో దిగిపోవాలి. నీళ్లు పొడిలోంచి మొదట పులుపును లాగుతాయి, తర్వాత తీపి, చివర్లో చేదూ వగరూ. పుల్లగా, పలచగా ఉంటే పొడి ఇంకాస్త మెత్తగా చేయాలి. నాలుక ఎండిపోయేలా వగరు వస్తే బరకగా చేయాలి. ఒక రోజు ఒక్కటే మార్చాలి, రెండు మారిస్తే దేనివల్ల ఏమైందో తెలియదు. ఇంత సులువైన ప్రయోగం, ఇంత త్వరగా ఫలితం చెప్పేది, ఇంట్లో ఇంకోటి నాకు తెలియదు.

నీళ్ల గురించి ఎవరూ పట్టించుకోరు గానీ మన ఊళ్లలో సగం కథ అక్కడే ఉంది. బోరు నీళ్లలో ఖనిజాలు ఎక్కువైతే కాఫీలోని పులుపంతా అణిగిపోయి చప్పగా, బరువుగా అయిపోతుంది. ఆర్వో నీళ్లలో అసలేం లేకపోతే రుచి గట్టిగా దిగదు. లీటరుకు 150 మిల్లీగ్రాముల దగ్గర్లో ఖనిజాలు ఉండటం కాఫీకి అనుకూలం. ఆర్వో నీళ్లలో కొంచెం మంచి కుళాయి నీళ్లు కలిపి చూడండి. డబ్బు ఖర్చు లేకుండా దొరికే మార్పుల్లో ఇదే పెద్దది.

ఇక గింజలు. ఇక్కడ తెలుగువాళ్లకు ఒక సౌకర్యం ఉంది. అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో, సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల పక్కన గిరిజన రైతులు పండించే అరబికా రకం కాఫీ మన చేతికి అందేంత దగ్గర్లో ఉంది. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అరకు పేరుతో నడిచే కాఫీ షాపు ప్యారిస్‌లోనూ తెరిచారు. గిరిజన సహకార సంస్థ అమ్మే పొడితో మొదలుపెట్టి, గింజలు వేయించిన తేదీ ప్యాకెట్ మీద రాసే రోస్టర్ల దాకా వెళ్లొచ్చు. తక్కువగా వేయించిన అరకు గింజల్ని మొదటిసారి పాలు లేకుండా తాగండి. పండు పులుపు, తేనె లాంటి తీపి తెలుస్తాయి. పాలు పోస్తే అవి రెండూ మాయమవుతాయి.

అలాగని ఫిల్టర్ కాఫీ తక్కువది కాదు, దాన్ని పాతకాలపు అలవాటుగా పక్కన పెట్టేసేవాళ్లతో నేను ఏకీభవించను. 20 గ్రాముల పొడి మీద వంద మిల్లీలీటర్ల మరిగే నీళ్లు పోసి, పావుగంట పైన బొట్టుబొట్టుగా దిగనిచ్చి తీసే డికాక్షన్ కూడా పొడి తీరు, నొక్కిన బిగువు, నీళ్ల వేడి మీదే ఆధారపడుతుంది. పాలను తట్టుకోవాలి కాబట్టి దానికి బాగా వేయించిన గింజలు, అందులో కొంత రోబస్టా అనే ఘాటైన రకం ఉండటం న్యాయమే. కాఫీలో కలిపే వేరు పొడి చికోరీ ఎంతుందో మాత్రం ప్యాకెట్ మీద చదివి కొనండి. మన నిబంధనల ప్రకారం మిశ్రమంలో కాఫీ 51 శాతం ఉంటే చాలు, అంటే దాదాపు సగం చికోరీ కొంటున్నామని తెలియకుండానే కొనొచ్చు. 20 శాతం దాటితే గింజ రుచి గురించి మాట్లాడుకోవడం అనవసరం.

కాఫీకి ఉన్న అసలైన ఇబ్బంది కడుపు, నిద్ర. రోజుకు రెండు మూడు కప్పులకు మించి ప్రయోగాలు కుదరవు, సాయంత్రం ఆరు తర్వాత అసలే వద్దు. పొద్దున్న టిఫిన్ బాక్సుల హడావుడిలో స్టవ్ దగ్గర తూకం, కెటిల్, గరాటు పరిచి నిలబడితే ఇంట్లోవాళ్లకు చిరాకు రావడం కూడా సహజం. ఈ విషయంలో వాచీ నయం, అర నిమిషం కీ ఇస్తే అయిపోతుంది, ఎవరికీ అడ్డం కాదు.

కానీ ఆ ఇంట్లోవాళ్లే కాఫీని వాచీ కన్నా పైన నిలబెడతారు. మంచి వాచీ కట్టుకుంటే ఆ సంతోషం మనది, మహా అయితే ఇంకో వాచీ మనిషి గుర్తుపడతాడు. మంచి కాఫీ చేస్తే అత్తగారికి ఇస్తాం, పక్కింటాయనకి ఇస్తాం, వాళ్లు బాగుందో లేదో వెంటనే చెబుతారు. ఇంటికొచ్చిన మనిషికి కాఫీ ఇవ్వకుండా పంపని ఊళ్లు మనవి. అభిరుచి ఇంకొకరి నోటికి అందే అవకాశం ఉన్నప్పుడు నేర్చుకోవడం కూడా వేగంగా జరుగుతుంది.

వాచీ గెలిచే చోటు ఒకటుంది, దాన్ని తక్కువ చేయలేను. ఎంత గొప్ప కాఫీ అయినా చల్లారేలోపు అయిపోతుంది. వాచీ మన తర్వాత మనవాళ్ల చేతికి వెళ్తుంది, విప్పి నూనె వేసే పనివాడు ఉన్నంత కాలం నడుస్తుంది. ఆ పనివాళ్లు తగ్గిపోతున్నారు. మీ ఊళ్లో గాజు గది వెనక కంటికి లెన్సు పెట్టుకుని కూర్చునే పెద్దాయన ఉంటే, ఉన్న పాత వాచీని ఈ ఏడాదే ఆయన దగ్గరికి తీసుకెళ్లండి.

పదివేలు చేతిలో ఉండి ఇప్పుడే మొదలుపెడుతున్నవాళ్లకు నేను చెప్పేది ఇది. ఐదు వేలు గ్రైండరుకి, రెండు వేల లోపు వీ60, పేపర్లు, తూకానికి, ఇంకో వెయ్యితో పావుకిలో ప్యాకెట్లు రెండు: ఒకటి తక్కువగా వేయించిన అరకు, రెండోది ఫిల్టరుకి ఎక్కువగా వేయించినది. మిగిలిన రెండు వేలు బీరువాలోని హెచ్ఎంటీ సర్వీసింగుకి. అలాంటిది ఇంట్లో లేకపోతే ఆ డబ్బు అలాగే ఉంచి, ఏడాది పాటు వాచీల గురించి చదవండి, దుకాణాల్లో చేతికి పెట్టి చూడండి. ఏడాది తర్వాత కూడా అదే వాచీ కావాలనిపిస్తే అప్పుడు కొనండి.