మేనేజ్‌మెంట్ కంపెనీకి ఇల్లు అప్పగించే ముందు: లిస్టింగ్ ఎవరి అకౌంట్‌లో ఉంటుందో అడగండి

ఇంటిని రోజువారీ అద్దెకు ఇద్దామని కొత్తగా దిగుతున్నవాళ్లకు ఈ హెచ్చరిక. "తాళాలు ఇచ్చేయండి, మిగతాదంతా మేం చూసుకుంటాం" అంటూ వచ్చే కంపెనీల సర్వీసు కొనే ముందు, కమీషన్ ఎంత అన్నదాని కంటే ముందు అడగాల్సింది ఇదే.

మా ఇల్లు చూసుకున్న కంపెనీ, ఇళ్లను రోజువారీ అద్దెకు ఇచ్చే వెబ్‌సైట్ ఎయిర్‌బీఎన్‌బీలో మా ఇంటి లిస్టింగ్‌ను (ఇంటి ప్రకటన పేజీని) తన సొంత అకౌంట్‌లో పెట్టింది. మాకు శ్రమ తప్పుతుందని చెప్పారు. గెస్టులు కట్టిన డబ్బు ముందు వాళ్ల ఖాతాలో పడేది. క్యాలెండర్ మాకు కనిపించేది కాదు. ఏ రాత్రి ఎంతకు ఇచ్చారో నెలాఖరున వాళ్లు పంపిన కాగితంలో ఉన్నదే లెక్క. క్లీనింగ్ ఫీజు మీద కూడా కమీషన్ పట్టుకున్నారు. ఇదేమిటని అడిగితే అగ్రిమెంట్‌లో "మొత్తం వసూలుపై" అన్న మాట చూపించారు.

ఒక గెస్టు సోఫా పాడుచేసి వెళ్తే ఆ సంగతి మాకు చాలా ఆలస్యంగా చెప్పారు. హోస్టులకు, అంటే ఇల్లు ఇచ్చేవాళ్లకు, ఎయిర్‌బీఎన్‌బీ ఇచ్చే నష్టరక్షణ ఎయిర్‌కవర్ కింద నష్టపరిహారం అడగాలంటే గెస్టు ఖాళీ చేసిన 14 రోజుల్లోపు అడగాలి. లిస్టింగ్ వాళ్లదైనప్పుడు ఆ పని వాళ్లే చేయాలి. చేయలేదు. సోఫా ఖర్చు మా మీద పడింది.

అంతకంటే పెద్ద దెబ్బ ఒప్పందం ముగించినప్పుడు తగిలింది. రివ్యూలన్నీ వాళ్ల లిస్టింగ్‌తోనే ఉండిపోయాయి. ఇల్లు మాది, గెస్టులు మెచ్చుకున్నది మా ఇంటిని, కానీ మా పేరున కొత్తగా పెట్టిన లిస్టింగ్‌కు ఒక్క రివ్యూ లేదు. మంచి హోస్టులకు ఎయిర్‌బీఎన్‌బీ ఇచ్చే సూపర్‌హోస్ట్ గుర్తింపూ అంతే, అకౌంట్ ఉన్నవాళ్లకే వస్తుంది. దానికి 4.8 రేటింగ్, గెస్టుల మెసేజ్‌లలో 90 శాతానికి జవాబులు, 1 శాతం లోపు క్యాన్సిలేషన్లు ఉండాలి. ఇవన్నీ మళ్లీ మొదటి నుంచి సంపాదించుకోవాలి. ఫొటోలు కూడా తమవేనని, వాడొద్దని మెయిల్ పెట్టారు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

కాబట్టి అకౌంట్ మీరే తెరవండి, డబ్బు మీ ఖాతాకే వచ్చేలా పెట్టండి, కంపెనీని కో-హోస్ట్‌గా, అంటే మీ లిస్టింగ్‌లో సహాయకులుగా, చేర్చుకోండి. క్యాలెండర్, మెసేజ్‌ల వరకే అనుమతి ఇచ్చే వీలు ఉంది. మంచి కంపెనీ దీనికి అభ్యంతరం చెప్పదు. "మా పద్ధతి అది కాదు" అన్నవాళ్లను నేనైతే అక్కడితోనే వదిలేస్తాను.

ఆదాయం ఇంత వస్తుందని చూపించే అంచనాలను కూడా నమ్మకండి. ఏడాది పొడవునా ఇల్లు ఇవ్వొచ్చన్నట్టు లెక్క కడతారు. లండన్‌లో మొత్తం ఇంటిని అలా ఇవ్వాలంటే, ప్రత్యేక అనుమతి లేకపోతే, ఏడాదికి 90 రాత్రులే. న్యూయార్క్ నగరంలో 30 రోజుల లోపు బసకు హోస్ట్ కూడా అక్కడే ఉండాలి, గెస్టులు ఇద్దరికి మించకూడదు. రిజిస్ట్రేషన్ లేని లిస్టింగ్‌లకు బుకింగ్‌లు రాకుండా 2023 సెప్టెంబర్ నుంచి ఆ నగరం కట్టడి చేస్తోంది. మీ ఊళ్లో, మీ అపార్ట్‌మెంట్ సంఘంలో రూలు ఏమిటో మీరే కనుక్కోండి, ఇంటి ఇన్సూరెన్స్ ఇలాంటి అద్దెకు వర్తిస్తుందో లేదో కూడా.

ఇప్పటికే వేరేవాళ్ల అకౌంట్‌లో ఇల్లు ఉన్నవాళ్లు ముందుగా మూడు సంగతులు రాతపూర్వకంగా తెప్పించుకోండి: ఒప్పందం ముగిశాక ముందస్తు బుకింగ్‌లు ఎవరివి, ఫొటోలు ఎవరివి, డోర్ లాక్ మాస్టర్ కోడ్ ఎప్పుడు ఇస్తారు. జవాబు వచ్చాకే ఒప్పందం ముగిస్తున్నట్టు నోటీసు ఇవ్వండి.