'నోట్స్ ఫ్రమ్ అండర్‌గ్రౌండ్' చవక కాపీ కొనకండి, రెండో భాగం మొత్తం లేదు

దోస్తోయెవ్‌స్కీ రాసిన ఈ నవలను రష్యన్ క్లాసిక్స్ సెట్టు అని అమ్ముతున్న ఆ నల్ల అట్ట కాపీ గురించే చెప్తున్నా. అట్ట మీద 'కంప్లీట్ అండ్ అనబ్రిడ్జ్‌డ్' అని పెద్దక్షరాలు. లోపల మొదటి భాగం 11 అధ్యాయాలే ఉన్నాయి. రెండో భాగం 10 అధ్యాయాల్లో ఒక్క పేజీ లేదు. పదకొండో అధ్యాయం చివర్లో కథకుడు బయట మంచు పడుతోందనీ, ఒక పాత సంగతి వదలకుండా వేధిస్తోందనీ, అదే చెబుతాననీ అంటాడు. పేజీ తిప్పితే వెనక అట్ట!

అడిగితే అమ్మినవాడి జవాబు: "అది ఫిలాసఫీ బుక్కండీ, అందులో కథేం ఉండదు. ఓపెన్ చేశారు కాబట్టి రిటర్న్ లేదు."

కథ ఉండదా? రెండో భాగమంతా కథే! అప్పటికి 24 ఏళ్ల గుమాస్తా అయిన ఆ కథకుడు, తనను భుజాలు పట్టి పక్కకు జరిపేసిన ఆఫీసరు మీద ఏళ్ల తరబడి పగ పెంచుకుంటాడు. పీటర్స్‌బర్గ్‌లోని నెవ్‌స్కీ ప్రాస్పెక్ట్ వీధిలో ఒక్కసారి అతనికి దారివ్వకుండా భుజం తగిలించడానికి అప్పు చేసి మరీ కోటుకు బీవర్ కాలర్ వేయించుకుంటాడు. పాత స్కూలు సహపాఠి జ్వెర్కోవ్‌కు ఇచ్చే విందు టైము 5 నుంచి 6కి మార్చి తోటివాళ్లు ఈ గుమాస్తాకు చెప్పరు, తర్వాత పలకరించరు. అయినా లేచి వెళ్లడు, 8 నుంచి 11 దాకా అదే గదిలో అటూ ఇటూ తిరుగుతాడు. వాళ్ల స్నేహమూ కావాలి, వాళ్ల మీద కసీ తీరాలి. ఆ కసంతా చివరికి లీజా అనే వేశ్య మీద తీర్చుకుంటాడు. ఆమె జాలిపడి దగ్గరకు తీసుకుంటే అదీ భరించలేక చేతిలో డబ్బు కుక్కుతాడు. ఆమె వెళ్లాక చూస్తే, నలిగిన 5 రూబుళ్ల నోటు బల్ల మీదే ఉంటుంది. మొదటి భాగంలో కథకుడు కక్కే విషమంతా ఎక్కడ పుట్టిందో తెలిసేది ఇక్కడే. దాన్నే కోసేసి అమ్ముతున్నారు.

పైగా అమ్మినవాడు 'సెన్సారు కోత' అని ఒక సాకు చెప్తున్నాడు. సెన్సారు 1864లో కోసింది మొదటి భాగం పదో అధ్యాయంలో కొంత. దాని మీద దోస్తోయెవ్‌స్కీ అన్నకు ఉత్తరం రాసి మొత్తుకున్నాడు. రెండో భాగం అదే ఏడాది వాళ్ల 'ఎపోహ' పత్రికలోనే అచ్చయింది.

కొనేముందు విషయసూచిక ఫొటో అడగండి, 11, 10 లెక్క సరిపోవాలి. చివరి పేజీలో, ఈయన రాతలు ఇంకా ఉన్నాయి గానీ ఇక్కడ ఆపవచ్చు అనే రచయిత మాట ఉండాలి. అనువాదకుల పేరు లేని కాపీ జోలికి పోవద్దు. కాన్‌స్టన్స్ గార్నెట్ అనువాదం ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. దోస్తోయెవ్‌స్కీదే మరో నవల 'డెమన్స్' కొనేవాళ్లు 'తిఖోన్ దగ్గర' అధ్యాయం ఉందో లేదో చూసుకోండి. అప్పటి సంపాదకుడు వద్దంటే ఆగిపోయి 1922లో వెలుగు చూసింది కాబట్టి, అది లేకపోతే మోసమని కాదు, కానీ అనుబంధంగా ఇచ్చే ఎడిషన్లు ఉన్నాయి, అవే తీసుకోండి.