పానీయాల చిన్న ఫ్రిజ్: మీట తిప్పడమా, గాలి ఆడేలా చూడటమా, మంచునీళ్లా? ఏది మేలు?

పానీయాల కోసం విడిగా పెట్టుకున్న చిన్న ఫ్రిజ్‌లో డబ్బాలు తగినంత చల్లబడకపోతే, చాలామంది మొదట థర్మోస్టాట్ మీటను చివరి అంకెకు తిప్పేస్తారు. దానికి బదులు ఫ్రిజ్ వెలుపలా లోపలా గాలి బాగా ఆడేలా చూడవచ్చు, లేదా డబ్బాలను ముందుగా మంచునీళ్లలో ముంచవచ్చు. ఈ మూడింటిలో ఏది మేలన్నది చాలావరకు ఫ్రిజ్ రకాన్ని బట్టి ఉంటుంది.

కంప్రెసర్ ఉన్న సాధారణ ఫ్రిజ్‌లో థర్మోస్టాట్ చేసే పని కంప్రెసర్‌ను ఎప్పుడు ఆపాలో, మళ్లీ ఎప్పుడు నడపాలో నిర్ణయించడం మాత్రమే. వెచ్చని డబ్బాలు పెట్టాక లోపలి వేడి తగ్గేంతవరకు అది ఎలాగూ ఆగకుండా నడుస్తుంది కాబట్టి, మీట తిప్పినంత మాత్రాన డబ్బాలు త్వరగా చల్లబడవు. పైగా అలాగే వదిలేస్తే వెనుక పలకకు ఆనుకున్న డబ్బాలు గడ్డకట్టవచ్చు. నీరు గడ్డకట్టేటప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది కనుక డబ్బా ఉబ్బి పగిలే ప్రమాదమూ ఉంది. కంప్రెసర్ మధ్యమధ్య ఆగుతున్నా పానీయం కావలసినంత చల్లగా లేనప్పుడే మీట తిప్పడం సరైన పని.

కంప్రెసర్ లేని చిన్న ఫ్రిజ్‌లలో చాలావాటిది పెల్టియె పద్ధతి. కరెంటు ప్రవహించినప్పుడు ఒక ముఖం చల్లబడి, మరో ముఖం వేడెక్కే చిన్న పలక మీద ఇది ఆధారపడుతుంది. ఈ ధర్మాన్ని ఫ్రాన్సుకు చెందిన పెల్టియె 1834లో గుర్తించాడు. ఇవి సాధారణంగా గది కంటే 15 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ మాత్రమే తక్కువకు దిగగలవు. గదిలో 35 డిగ్రీలు ఉంటే లోపల 15 కంటే తగ్గడం కష్టం, మీట ఎంత తిప్పినా సరే.

అందుకే నా ఓటు గాలికే. ఫ్రిజ్ లోపలి వేడిని లాగి బయట పారబోస్తుంది. ఆ వేడి పోయే దారి మూసుకుపోతే ఎంత మంచి యంత్రమైనా చతికిలబడుతుంది. పెల్టియె ఫ్రిజ్ వెనుక ఫ్యాన్ రెక్కల మీద, దాని వెనుకనున్న సన్నని లోహపు పలకల సందుల్లో బూజులా దుమ్ము పేరుకుంటుంది. ప్లగ్ తీసి, మెత్తని బ్రష్‌తో దానిని దులిపితేనే తేడా తెలుస్తుంది. కంప్రెసర్ రకంలో మాత్రం వేడిని వదిలే గొట్టాలు చాలాసార్లు పక్క గోడల రేకు వెనుక దాగి ఉంటాయి. నడుస్తున్నప్పుడు చెయ్యి ఆనించి చూస్తే అక్కడ వెచ్చగా తగులుతుంది. అటువంటి ఫ్రిజ్‌ను అలమరలో ఇరికించి, వెనుక మాత్రమే ఖాళీ వదిలితే చాలదు. పక్కల కూడా కనీసం 5 సెంటీమీటర్లు వదలాలి.

లోపల కూడా డబ్బాలను సందు లేకుండా కుక్కితే చల్లగాలి వాటి మధ్యకు చేరదు. ఒకటి రెండు వాట్లతో నడిచే చిన్న కంప్యూటర్ ఫ్యాన్‌ను లోపల పెడితే గాలి కదిలి, పై అరకూ కింది అరకూ మధ్య తేడా బాగా తగ్గుతుంది. తీగను తలుపు రబ్బరు కింద నుంచి సన్నగా, సందు పడకుండా తీసుకురావాలి తప్ప గోడకు రంధ్రం చేయరాదు, ఎందుకంటే లోపల గ్యాస్ గొట్టం ఉండవచ్చు, చాలా ఫ్రిజ్‌లలో ఆ గ్యాస్ మండే స్వభావం గలది.

వేగం ఒక్కటే ముఖ్యమైతే మంచునీళ్లకు సాటి లేదు. 330 మిల్లీలీటర్ల డబ్బాలు 12 ఉన్నాయనుకుందాం. వాటిని 30 డిగ్రీల నుంచి 5 డిగ్రీలకు దించడానికి దాదాపు 415 కిలోజౌళ్ల వేడిని తీయాలి. 20 వాట్ల చొప్పున వేడిని లాగే పెల్టియె ఫ్రిజ్‌కు, ఏ నష్టమూ లేదనుకున్నా, ఇది ఆరు గంటల పని. అదే వేడిని పీల్చుకోవడానికి లెక్క ప్రకారం కిలోంబావు మంచు కరిగితే చాలు, పైగా నీరు డబ్బాను అన్ని వైపులా తాకుతుంది కనుక అరగంటలోపే పని అయిపోతుంది. ప్రతిసారీ మంచు సమకూర్చుకోవాలన్నదే ఇందులో చిక్కు.

కాబట్టి పెల్టియె ఫ్రిజ్ ఉన్నవారు డబ్బాలను మంచునీళ్లలో చల్లబరిచి, తుడిచి లోపల పెట్టుకోవడం మేలు. చల్లబరచడం కంటే చల్లగా నిలిపి ఉంచడమే దానికి తగిన పని. కంప్రెసర్ ఫ్రిజ్ ఉన్నవారు ముందు గాలి సంగతి చూసుకుని, ఒక గ్లాసు నీళ్లలో థర్మామీటర్ పెట్టి, మర్నాడు అది 5 డిగ్రీలకు పైన చూపిస్తే అప్పుడు మీటను ఒక్క అంకె మాత్రమే జరపాలి.