రొయ్యల ప్లాంటులో టీమ్స్: ఆ అర్జంట్ గంట కోసమే ఉంచుకున్నాం

వాట్సాప్ గ్రూపులు వదిలేసి మైక్రోసాఫ్ట్ టీమ్స్ అనే ఆఫీసు చాట్ యాప్‌కి ఎందుకు మారాలని మా ప్లాంటులో అడగని మనిషి లేడు. ఫొటోలు, వాయిస్, వీడియో కాల్ అన్నీ వాట్సాప్‌లోనూ ఉన్నాయి గదా అంటారు. నిజమే. మేం మారింది ఒకే ఒక్క దానికోసం. చాట్‌లో మెసేజ్‌కి 'అర్జంట్' పెట్టి పంపితే, అవతలి మనిషి చదివేదాకా రెండు నిమిషాలకోసారి ఫోన్ మోగుతుంది, 20 నిమిషాల పాటు.

నెల్లూరు చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్‌లో పనిచేసేవాళ్లకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. కోల్డ్ స్టోర్ మైనస్ 18 దగ్గర నిలవాలి. అర్ధరాత్రి కరెంటు పోయి జనరేటర్ మీదికి మారాక కంప్రెసర్ లేవకపోతే ఆపరేటర్ కావాలి. ఆయనేమో కోల్డ్ స్టోర్ లోపల ఉంటాడు. నురుగు నింపిన పఫ్ ప్యానెల్ గోడకి రెండు పక్కలా రేకు, సిగ్నల్ దూరదు, కాల్ కలవదు. ఆయన బయటికి అడుగుపెట్టాక టీమ్స్‌లో మళ్లీ మోగే గంట ఆయనకి అందుతుంది. వాట్సాప్ ఒక్కసారి టింగుమని ఊరుకుంటుంది. ఆ మెసేజ్ మీద కావలి నుంచి వచ్చే లారీ ఫొటోలు, కౌంటు వివరాలు, గుడ్ మార్నింగులు పడి కిందికి పోతుంది.

అర్జంట్‌కి విడిగా చిన్న గ్రూప్ చాట్ పెట్టుకోండి: షిఫ్ట్ ఇన్‌ఛార్జి, ఎలక్ట్రీషియన్, కంప్రెసర్ ఆపరేటర్, క్యూసీ (నాణ్యత చూసేవాళ్లు). 20 మంది లోపే ఉంచాలి, అంతకు మించితే ఎవరు చదివారో చూపించదు. మెసేజ్‌లో మూడే ముక్కలు: ఏ గది, ఎంత ఉష్ణోగ్రత, ఎప్పటినుంచి. చదివితే గంట ఆగిపోతుంది, కానీ చదవడం వేరు, కదలడం వేరు. అందుకే "నేను పోతున్నా" అని ఒకరు వాయిస్ పెట్టేదాకా పంపినవాళ్లు వదలకూడదని నియమం పెట్టాం.

ఇంత మంచి గంట కొందరి ఫోన్లలో అసలు మోగలేదు. మొదట్లో నెట్ బాగాలేదనుకున్నారు, తర్వాత టీమ్సే పనికిరాదన్నారు. గమనిస్తే గుర్తు ఒకటే: స్క్రీన్ ఆరి కాసేపయిన ఫోన్‌కి ఏదీ రాదు, యాప్ తెరవగానే పాత మెసేజులన్నీ ఒక్కసారిగా దిగుతాయి. అంటే సర్వర్ నుంచి వస్తున్నాయి, ఫోనే యాప్‌ని పడుకోబెట్టేస్తోంది. ఆండ్రాయిడ్ 6 నుంచీ బ్యాటరీ ఆదా కోసం ఇలా పడుకోబెట్టే ఏర్పాటు ఉంది. కొన్ని కంపెనీల చవక ఫోన్లు దాని మీద తమ సొంత ఆదా మోడ్ ఇంకొకటి వేస్తాయి. ప్లాంటు సూపర్‌వైజర్ల చేతుల్లో ఎక్కువ ఉండేవి అవే.

ప్రతి ఫోన్‌నీ చేతిలోకి తీసుకుని సరిచేయాల్సిందే. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో టీమ్స్, దాని బ్యాటరీ దగ్గర 'అన్‌రిస్ట్రిక్టెడ్' ఎంచుకోవాలి. 'ఆటోస్టార్ట్' అని విడిగా ఉంటే ఆన్ చేయాలి. ఆండ్రాయిడ్ 13, ఆ పై ఫోన్లలో యాప్ వేసిన కొత్తలో నోటిఫికేషన్లకి అనుమతి అడుగుతుంది. చాలామంది చదవకుండా వద్దని నొక్కేస్తారు. అది కూడా చూడాలి. ఆ తర్వాత టీమ్స్ లోపలి నోటిఫికేషన్లలో మోత ఆపేసే 'క్వయట్ టైమ్' రాత్రి వేళకి పెట్టి ఉందేమో చూడాలి. అన్నీ అయ్యాక ఫోన్ లాక్ చేసి గంటసేపు బల్ల మీద పెట్టి అప్పుడు పరీక్ష మెసేజ్ పంపాలి. చేతిలో ఉన్నప్పుడు పంపితే మోగుతుంది, దాన్ని నమ్మకూడదు. ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయితే మళ్లీ చూసుకోవాలి.

లాగిన్ సంగతి. పాస్‌వర్డులు మర్చిపోయే జనానికి ఫోన్ నంబర్, ఓటీపీతో లోపలికి వచ్చే వీలుంది. ఖాతాలు చూసుకునే మైక్రోసాఫ్ట్ సైటు ఎంట్రా అడ్మిన్ సెంటర్‌లో అథెంటికేషన్ మెథడ్స్, ఎస్ఎమ్ఎస్ దగ్గర 'యూజ్ ఫర్ సైన్-ఇన్' టిక్ పెట్టాలి. ఒక నంబర్ ఒక్క ఖాతాకే పనికొస్తుంది. మొగుడూ పెళ్లాం ఒకే ప్లాంటులో చేస్తూ ఒకే నంబర్ ఇచ్చి ఉంటే రెండో ఖాతా ఒప్పుకోదు. రీఛార్జ్ గడువు దాటిన సిమ్‌కి ఓటీపీ రాదు, ఆ మనిషి బయటే.

గంటను మెచ్చుకున్నాను గానీ, చదివేవాళ్లు మొదటి మాటనే పట్టుకోవద్దు. ఐస్ లారీ ఎక్కడుంది, టిఫిన్ వచ్చిందా అన్నిటికీ అర్జంట్ పెట్టడం మొదలైతే నెల తిరక్కుండా జనం దాన్ని లెక్కచేయరు. లోపల అరగంట పని ఉన్నవాళ్లకి 20 నిమిషాలు కూడా చాలవు, బయట ఉన్నవాళ్లు మళ్లీ పంపాలి. పీలింగ్, గ్రేడింగ్ హాలులోకి ఫోన్లు తేకూడదు కాబట్టి అక్కడి ఆడవాళ్లకి దీంతో ఒరిగేదేమీ లేదు. వాళ్లకి కబురు ఇప్పటికీ సూపర్‌వైజరమ్మ నోటితోనే చేరుతుంది. వాళ్లందరికీ టీమ్స్ లైసెన్స్ కొనడం నాకైతే దండగ అనిపిస్తుంది.

మాకు మూడు షిఫ్టులు, అమ్మోనియా కంప్రెసర్లు, రాత్రి కరెంటు కోతలు ఉన్నాయి గనక పెట్టిన డబ్బుకి సరిపోయింది. పగటిపూట మాత్రమే నడిచే కొనుగోలు కేంద్రానికి, పదిహేను మంది ఉన్న ఆఫీసుకి కొనమని చెప్పలేను. కొనేముందు మీ రాత్రి షిఫ్టు వాళ్ల ఫోన్లు నాలుగైదు తీసుకుని ఆ బల్ల పరీక్ష చేసి చూడండి.